రెండు బ్యాండ్ల ఊరు

హైదరాబాదు చూడకముందే నాకు బెల్జియంలో ఒక చిన్న ఊరు బాగా తెలుసు. ఊరి నడుమ బండలు పరిచిన పెద్ద చౌకు, చౌకులో గంటల గోపురం, ఊరి పక్కనే మెల్లగా పారే ఏరు. చౌకుకు తూర్పు పక్క హోటల్లో కూర్చునేవాళ్ళు పడమటి పక్క హోటల్లో కాలు పెట్టరు. ఆ ఊరిని నేను చూసింది లేదు, ఇప్పటికీ. ఒక చలికాలమంతా ప్రొద్దుటూరు మిల్లులో, జీపులో, జమ్మలమడుగులో మా ఇంటి వసారాలో, ఆ ఊరి మనిషి చెప్తాంటే విన్నాను. ఆయన ఇంగ్లీషును తెలుగు చేసి పక్కవాళ్ళకు చెప్పడం అప్పుడు నా పని. చెప్పీ చెప్పీ అది మా తాలూకాలో ఊరే అన్నట్లు అయిపోయింది.

అప్పటికి నాకు పెండ్లి కాలేదు. బీఎడ్ చేసి ప్రొద్దుటూరులో ఒక ట్యుటోరియల్లో ఇంగ్లీషు చెప్తాండేదాన్ని. మా నాయన జమ్మలమడుగు మిషన్ బడిలో తల నెరిసేదాకా పాఠాలు చెప్పి రిటైరైన అయ్యవారు. మా తాత ఆ బడిలోనే అక్షరాలు దిద్ది, పక్కనే ఉన్న గుడిలో బాప్తిస్మం తీసుకున్నవాడు. మా ఇంట్లో ఇంగ్లీషు, బైబిలు, ఆదివారం పూట మాంసం కూర, ఈ మూడూ తాత కాలం నుంచి వస్తాండేవే.

ప్రొద్దుటూరు బయట ఒక షావుకారు గుడ్డల మిల్లు పెట్టినాడు. మరమగ్గాలు బెల్జియం నుంచి ఓడలో మద్రాసుకు, అక్కడి నుంచి లారీల్లో ప్రొద్దుటూరుకు వచ్చినాయి. వాటిని బిగించి, నడిపించి, మనవాళ్ళకు నేర్పించి పోవడానికి ఆ దేశం నుంచి ఒక ఫిట్టరు వచ్చినాడు. చిక్కు ఏందంటే, ఆయనకు ఇంగ్లీషు సొంత భాష కాదు. తెలిసిందంతా పొట్టి పొట్టి మాటలు. మిల్లు మేనేజరుదేమో కోర్టు కాగితాల ఇంగ్లీషు. ఇద్దరూ మాట్లాడుకుంటాంటే ఇద్దరికీ చెమటలే. ఒకనాడు ఫిట్టరు మిషనుకు నూనె అడిగితే, మేనేజరు ఏం అర్థం చేసుకున్నాడో, డబ్బాడు శెనక్కాయ నూనె తెప్పించినాడంట. ఆ సంగతి ఊరంతా తిరిగి మా నాయన చెవిన పడింది. ఆయన గొడుగు తీసుకోని నేరుగా షావుకారు దగ్గరికి పోయి, "మా అమ్మాయి ఉంది, నీ మిషను బతకాలంటే పిలిపించుకో" అని చెప్పొచ్చినాడు. నన్ను ఒక మాట అడిగింది కూడా ల్యా.

మొదటి రోజు నాయన నా వెంటే వచ్చినాడు. మిల్లులో అంతా మగవాళ్ళు గదా. మేం పోయేసరికి ఫిట్టరు క్యాంటీనులో బల్ల ముందర కూర్చోని ఉన్నాడు. యాభై ఏండ్ల మనిషి, ఆరడుగుల పైన ఎత్తు, ఎండకు కమిలి దానిమ్మ పండు మాదిరి ఎర్రగా ఉన్నాడు. ఆయన ముందర ఉగ్గాని, దాని మీద మిరపకాయ బజ్జి. పనివాళ్ళంతా చుట్టూ నిలబడి ఆయన బజ్జి కొరుకుతాడా లేదా అని చూస్తాండారు. కొరికినాడు. కండ్లలో నీళ్ళు కారినాయి. చెంబెడు నీళ్ళు తాగి, ముక్కు చీది, ఇంకొకటి చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు ఆ క్యాంటీనులో లేచిన కేక ఇప్పటికీ నాకు గుర్తే. ఆ రోజు నుంచి ఆయన పేరు బెల్జియమప్ప.

"మా ఊరి చౌకులో ఒక గుడిసె అంగడి ఉంది," అన్నది ఆయన నాతో చెప్పిన మొదటి మాట. "ఉర్లగడ్డలు కోసి నూనెలో వేయించి కాగితం పొట్లంలో పోసిస్తారు. మునిసిపాలిటీ చైర్మనైనా సరే, నిలబడే తినాల." నేను తెలుగులో చెప్పినాను. "మంచి ఊరే," అన్నాడు వంట మాస్టరు. ఒక ఊరిని మెచ్చుకోవడానికి ఆయనకు ఆ మాత్రం తెలిస్తే చాలు.

ఆయన్ను తిప్పడానికి షావుకారు ఒక జీపును, డ్రైవరును ఇచ్చినాడు. డ్రైవరుకు ఇరవై అయిదేండ్లుంటాయేమో. మైలవరం దోవలో ఉండే ఒక పల్లె వాడిది, భూములున్న కుటుంబమే. వాడు నన్ను టీచరమ్మా అనేవాడు, నాయనను అయ్యవారప్పా అనేవాడు. అన్నం లేక డ్రైవరు పనికి వచ్చినవాడు కాదని చూస్తేనే తెలుస్తాంది గానీ, ఎందుకొచ్చినాడని అడగడం ఆ ఏండ్లలో మర్యాద కాదు.

మొదటి ఆదివారం బెల్జియమప్ప మైలవరం డ్యాము చూడాలన్నాడు. నేను, నాయన, ఆయన, డ్రైవరు, జీపులో బయల్దేరినాం. డ్రైవరు వాళ్ళ ఊరి క్రాసు దగ్గర రోడ్డుకు రెండు పక్కలా రెండు టీ హోటళ్ళు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకటి మా పక్కనే, చెట్టు నీడ, బెంచీలు, బాయిలరు పొగ. డ్రైవరు దాన్ని దాటించి, జీపును రోడ్డుకు అవతలి పక్కకు తిప్పి, ఎండలో ఉన్న రేకుల హోటలు ముందర ఆపినాడు.

"దగ్గరిది వదిలిపెట్టి ఇక్కడికెందుకు?" అని బెల్జియమప్ప అడిగినాడు.

పరదేశం నుంచి వచ్చిన మనిషికి మా ఊర్ల సంగతి మొదటి వారమే ఎందుకు చెప్పాల? "అక్కడ టీ బాగుండదంట," అని ఇంగ్లీషులో అన్నాను.

డ్రైవరుకు ఇంగ్లీషు రాదు గానీ, నా ముఖం చదవడం వచ్చు. "టీచరమ్మా, నువ్వు సరిగ్గా చెప్పల్యా. ఆడ టీ శానా బాగుంటాదని మా వాళ్ళే అంటారు. అది వాళ్ళ పార్టీ హోటలు, ఇది మా పార్టీ హోటలు. అది చెప్పు."

చెప్పినాను. పై గేరి, కింద గేరి అని ఆ ఊరు రెండుగా చీలిందనీ, రెండింటికీ రెండు జెండాలనీ, జెండాలు ఎలక్షనుకొకసారి మారినా గేర్లు మాత్రం మారవనీ చెప్పినాను. బెల్జియమప్ప కాసేపు రెండు హోటళ్ళనూ మార్చి మార్చి చూసినాడు. తర్వాత తొడ చరుచుకోని నవ్వినాడు. ఎగతాళి నవ్వు కాదు. బజార్లో మన ఊరి మనిషి కనపడితే నవ్వే నవ్వు.

"మా ఊర్లో కూడా ఇంతే," అన్నాడు.

ఆ రేకుల హోటల్లో, ఆ టీ తాగుతా, ఆయన తన ఊరి సంగతి మొదలుపెట్టినాడు. వాళ్ళ చౌకులో తూర్పు పక్క హోటలు గుడి పార్టీది, అంటే చర్చివాళ్ళది, పడమటి పక్కది నీలం పార్టీది. గొడవ ఎప్పుడో, బడులు గుడి చేతిలో ఉండాలా, గవర్నమెంటు చేతిలో ఉండాలా అనే దగ్గర మొదలైందంట. ఇప్పుడు ఆ గొడవ ఎవరికీ సరిగ్గా గుర్తులేదు గానీ, రొట్టెలంగళ్ళు రెండు, బడులు రెండు, బాణాలేసే ఆటవాళ్ళు రెండు జట్లు, బ్యాండ్లు రెండు. వాళ్ళ నాయన పుట్టిన కాడి నుంచి పడమటి పక్క రొట్టె ముక్క నోట పెట్టలేదంట.

నేను చెప్పేది వింటాన్న డ్రైవరు గ్లాసు కింద పెట్టినాడు. "బాంబులేసుకుంటారా?"

"లేదు. మా తాతల కాలంలో రాళ్ళేసుకునేవాళ్ళు. కిటికీ అద్దాలు పగలగొట్టేవాళ్ళు. ఒకసారి అవతలివాళ్ళ పెద్ద డ్రమ్ము తోలు కోసేసినారు."

"అంతేనా!" అన్నాడు డ్రైవరు. వాడి గొంతులో ఆ ఊరి మీద కొంచెం జాలి. తర్వాత వాడే, ఎవరూ అడక్కుండానే చెప్పినాడు. "మా పెదనాయన్ను ఈ క్రాసులోనే పొడిచినారు సార్. నేను ఊర్లో ఉంటే కత్తి పడతానని మా అమ్మ నన్ను ప్రొద్దుటూరికి తరిమింది. అందుకే ఈ స్టీరింగు."

ఆ మాట ఇంగ్లీషులో చెప్పడానికి నాకు కొంచెం సేపు పట్టింది. బెల్జియమప్ప వాడి భుజం మీద చెయ్యి పెట్టి, ఇంకో టీ చెప్పినాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆయన మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి వచ్చేవాడు. మా అమ్మ రాగి సంగటి, నాటుకోడి పులుసు చేసేది. ఆయన సంగటిని మొదట నమిలినాడు. "నమలగూడదు నాయనా, మింగాల," అని అమ్మ తెలుగులోనే చెప్పి, మింగి చూపించింది. ఆ ఒక్క పాఠం నేను లేకుండానే జరిగింది.

తిన్న తర్వాత వసారాలో నాయన కుర్చీ, ఆయన కుర్చీ, మెట్టు మీద డ్రైవరు, గడపలో నేను. నాయనలోని అయ్యవారు రిటైరు కాలేదు. "మీ ఊరిని ఎవరెవరు ఏలినారు? వరసగా చెప్పమను," అనేవాడు. ఆయన వేళ్ళు మడిచేవాడు: దొడ్డ జమీందార్లు, స్పెయిను రాజు, ఆస్ట్రియా రాణి, ఫ్రాన్సు వాడు, హాలెండు వాడు, ఆ తర్వాత సొంత రాజు. నాయన కూడా పోటీకి వేళ్ళు మడిచేవాడు: విజయనగరం, గండికోట నాయకులు, గోల్కొండ, మైసూరు నవాబు, నిజాం, కుంఫిణీ. "ఇంతమంది ఏలినా మా ఊరోళ్ళు ఎవని మాటా వినలేదు," అని ఆయన. "మా వాళ్ళూ అంతే," అని నాయన. ఇద్దరికీ ఆ విషయంలో శానా గర్వం.

వాళ్ళ ఏట్లో అవిసె మొక్కలను నానేసి నార తీసేవాళ్ళంట, మనం జనుము నానేసినట్లు. ఆ కంపుకు కొత్తగా వచ్చినోళ్ళు ముక్కు మూసుకుంటే, "ఇది కంపు కాదు, దుడ్ల వాసన" అని ఊరోళ్ళు అనేవాళ్ళంట. ఆ నారతోనే అక్కడ మగ్గాలు వచ్చినాయి, మగ్గాల వల్ల మిషన్లు, మిషన్ల వల్ల ఆయన ప్రొద్దుటూరికి వచ్చినాడు. గండికోట చూపించడానికి తీసుకపోతే, లోయ అంచున కూర్చోని పెన్నను చూసి, "మా దేశంలో ఇంత లోతూ లేదు, ఇంత ఎత్తూ లేదు. మా ఊర్లో ఎత్తైనదంటే గంటల గోపురం ఒక్కటే. అది కూడా రెండోసారి కట్టింది," అన్నాడు.

అట్ల బయటపడింది ఆ కథ. మొదటి ప్రపంచ యుద్ధంలో వాళ్ళ ఊరు మొత్తం నేలమట్టమైపోయిందంట. యుద్ధం నిలిచినాక వాళ్ళ జేజి, అంటే అవ్వ, తోపుడు బండిలో పిల్లల్ను కూర్చోబెట్టుకోని వస్తే, ఒక్క గోడ కూడా నిలబడి లేదు. చౌకులో చేతిపంపు ఒక్కటి గుర్తు పట్టి, దాన్నుంచి లెక్క చూసుకోని, ఇదీ మన ఇల్లు ఉండిన చోటు అని కూర్చునిందంట. తర్వాత ఊరోళ్ళంతా పాత బొమ్మలు చూసి ఇటుక మీద ఇటుక పెట్టి, గోపురం, ఇండ్లు, అన్నీ పాతవాటి మాదిరే మళ్ళీ కట్టుకున్నారు.

"హోటళ్ళు?" అని నాయన అడిగినాడు.

"తూర్పుది తూర్పున, పడమటిది పడమట."

"ఊరంతా పోయినా ఆ కొట్లాటను కూడా మళ్ళీ కట్టుకున్నారా!"

"దాన్నే మొదలు కట్టుకున్నారు," అన్నాడు ఆయన. నాయన కుర్చీలో ముందుకు ఊగి ఊగి నవ్వినాడు. మెట్టు మీద డ్రైవరు మాత్రం నవ్వలేదు. "బ్యాండ్లు ఏమైనాయో అడుగు," అన్నాడు.

గుడి పార్టీవాళ్ళు ఊరొదిలి పారిపోయే ముందర తమ బాకాలను తోటలో గుంత తీసి పూడ్చిపెట్టినారంట. నీలం పార్టీవాళ్ళ సామాన్లు మొత్తం పోయినాయి. తిరిగి వచ్చిన మొదటి పండగకు, ఆ రాళ్ళ కుప్పల నడుమ, గుడి పార్టీవాళ్ళు సగం బాకాలు అవతలివాళ్ళ చేతికిచ్చినారు. రెండు బ్యాండ్లూ కలిసి వాయించినాయి.

"తర్వాత కలిసిపోయినారా?" అని డ్రైవరు.

"కొత్త డ్రమ్ము రాంగానే విడిపోయినారు."

ఆ మాటల్లోనే, ఆయన కూడా గుడి పార్టీ బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాడని తెలిసింది. డ్రైవరు లేచి నిలబడినాడు. "సార్, వచ్చే నెలలో మా చెల్లెలి పెండ్లి. నువ్వొచ్చి వాయించాల."

డ్రైవరు వాళ్ళ ఊరి బ్యాండుకూ ఒక కథ ఉంది. ఊరి బయటి పల్లెలో మా చర్చి సంఘానికి చెందిన అన్నదమ్ములిద్దరు బ్యాండుమేళం నడిపేవాళ్ళు. ఇద్దరూ మిషన్ బడిలో మా నాయన దగ్గర చదివినవాళ్ళే. క్రిస్మస్ పాటలతోనే వాళ్ళకు స్వరం అబ్బింది. ఒకటే మేళంగా ఉండింది. ఊరు రెండు పార్టీలైనాక, పై గేరివాళ్ళ పెండ్లికి వాయిస్తే కింద గేరివాళ్ళు పిలిచేది ల్యా, కింద గేరికి పోతే పైవాళ్ళు పిలిచేది ల్యా. ఇట్లయితే గంజి పుట్టదని మేళాన్ని పంచుకున్నారు. అన్న పైవాళ్ళకు, తమ్ముడు కిందివాళ్ళకు. మంచి ట్రంపెట్ అన్న పాలికి, మంచి డ్రమ్ములు తమ్ముని పాలికి పోయినాయి. అన్న పాట బాగుంటుంది, తమ్ముని దరువు బాగుంటుంది. రెండూ ఒకచోట వినే భాగ్యం ఊరికి పోయింది.

పై గేరిలో డ్రైవరు చెల్లెలి పెండ్లికి పోయినాం. అన్న తన ట్రంపెట్‌ను పంచె కొంగుతో తుడిచి బెల్జియమప్ప చేతిలో పెట్టినాడు. ఆయన ముందే మిల్లులో రేడియో విని ఒక సినిమా పాట నేర్చుకోని ఉన్నాడు. మెరవణి కదిలి, ఆయన బుగ్గలు పూరించి ఆ పాట ఎత్తుకునేసరికి పై గేరి మిద్దెలన్నీ మనుషులే. ఆయన తెల్ల చొక్కా చెమటకు తడిసి ముద్దయింది, తలకు ఎవరో ఎర్ర కండువా చుట్టినారు. పెండ్లికూతురు తల వంచుకోవడం మరిచి నోరు తెరుచుకోని చూసింది. దూరంగా కింద గేరి మిద్దెల మీద కూడా మనుషులు నిలబడి చూస్తాండారని నేను గమనించినాను. డ్రైవరూ గమనించినాడు. వాడి మీసం ఆ రోజు దిగలేదు.

మూడో రోజు కింద గేరి నుంచి ఒక మనిషి మిల్లుకు వచ్చినాడు. షావుకారు ముందర నిలబడి, మర్యాదగానే అన్నాడు. "దొరను పైవాళ్ళ పెండ్లికి పంపిస్తిరి. మా పెద్దాయన కొడుకు పెండ్లి కూడా ఉండాది. ఆడికి రాకపోతే మిల్లు ఎవరి పక్కో మాకు తెలిసిపోతాది."

షావుకారుకు పత్తి రెండు గేర్ల నుంచీ రావాల. ఆయన నన్ను పిలిపించి, "అమ్మా, ఆ బాకా మనిషిని ఎట్లయినా ఒప్పించు," అని చేతులు జోడించినాడు.

ఒప్పించడానికి ఏముంది? బెల్జియమప్ప వెంటనే సరే అన్నాడు. ఒప్పుకోనిది డ్రైవరు. "ఈయన ఆడ వాయిస్తే నా ముక్కు కోసినట్లే. ఎవరి జీపులోనన్నా పోనీ. నేను రాను."

బెల్జియమప్ప వాడికి తన అమ్మానాయనల పెండ్లి సంగతి చెప్పినాడు. నాయన గుడి పార్టీ, అమ్మ నీలం పార్టీ ఇంటి పిల్ల. పెండ్లి రోజు గుడి వాకిట్లో రెండు బ్యాండ్లూ దిగినాయంట. ఎవరూ తగ్గలేదు. గుడి నుంచి చౌకు దాకా రెండు బ్యాండ్లు, రెండు వేరే వేరే పాటలు, ఒకేసారి వాయించినాయి. "మా అమ్మ ఇప్పటికీ వంట చేస్తా ఆ రెండు పాటలనూ కలిపే పాడుతుంది. ఆమెకు అది ఒకటే పాట."

డ్రైవరు తల వంచుకోని నవ్వినాడు గానీ, ఊ అనలేదు. ఆ సాయంత్రం జీపు తీసుకోని వాళ్ళ అమ్మ దగ్గరికి పోయినాడు. మర్నాడు పొద్దున వచ్చి నాతో చెప్పినాడు.

"మా అమ్మ పొమ్మనింది టీచరమ్మా."

"ఏమనింది?"

"'మన చేతిలో ఉండే అతిథిని ఇంకొకరి జీపులో పంపిస్తావా? ఆయనకేమన్నా అయితే మాట ఎవరికొస్తాది? నువ్వు తీసుకపోయి నువ్వే తీసుకురా,' అనింది. ఏడ్సింది కూడా. కానీ పొమ్మనింది."

ఇంకొక చిక్కు వచ్చింది. బెల్జియమప్ప పెదవికి అన్న ట్రంపెటే అలవాటైంది. తమ్ముని మేళంలో ఉన్నది చొట్టలు పడిన పాతది. దాని నుంచి గాలి తప్ప పాట రాదు. మా నాయన ఆ మేళం అన్న ఇంటికి పోయి ట్రంపెట్ అడిగినాడు. అన్న, "బాకాను ఒంటిగా పంపించను అయ్యవారూ. వెంట నేను కూడా వస్తాను. వాయించను. ఊరికే పక్కన నిలబడతా," అన్నాడు.

అట్ల ఆ రోజు జీపులో మేమందరం ఎక్కినాం. ముందర డ్రైవరు, బెల్జియమప్ప. వెనక నాయన, నేను, ఒడిలో ట్రంపెట్ పెట్టుకోని అన్న. క్రాసు దాటి కింద గేరిలోకి తిరిగేటప్పుడు డ్రైవరు హారను కూడా కొట్టల్యా. వాడు ఆ వీధిలోకి వచ్చి ఎన్నేండ్లయిందో. అరుగుల మీది మనుషులు మాటలాపి లేచి నిలబడినారు. వాళ్ళ చేతుల్లో ఏముందో నేను చూడదలచుకోలేదు. నాయన మాత్రం ప్రతి అరుగు వైపూ తిరిగి, బడికి పోతాన్న అయ్యవారి మాదిరి తల ఊపుతా వచ్చినాడు. వాళ్ళలో సగం మంది ఆయన చేత బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళే.

పందిరి ముందర జీపు ఆగింది. కింద గేరి పెద్దాయన బయటికి వచ్చినాడు. తెల్ల పంచె, తెల్ల మీసం. బెల్జియమప్పకు దండం పెట్టి, తర్వాత స్టీరింగు ముందర కదలకుండా కూర్చోనున్న డ్రైవరు దగ్గరికి నడిచినాడు. వరసకు వాడికి మామ అవుతాడు ఆయన.

"ఏమిరా అల్లుడా," అన్నాడు పెద్దాయన, "శానా సన్నబడినావే. ప్రొద్దుటూర్లో సంగటి దొరకదా?"

"దొరుకుతాది మామా," అన్నాడు డ్రైవరు.

"దిగు. టీ తాగుదువు. ఏ పార్టీ టీ అని అడగాకు, టీకి చక్కెరే గానీ పార్టీ ఉండదు."

వాడు దిగినాడు. క్రాసులో ఉండే వాళ్ళ హోటలు నుంచే టీ వచ్చింది. అందరూ చూస్తాండగా తాగినాడు. "బాగుందా?" అని పెద్దాయన. "బాగుంది మామా. మా వాళ్ళు చెప్పేది నిజమే," అన్నాడు వాడు. నవ్వు మొదట ఎవరు నవ్వినారో తెలియదు గానీ, పందిరంతా నవ్వింది.

మెరవణి మొదలైంది. తమ్ముని డ్రమ్ములు లేచినాయి. బెల్జియమప్ప అదే సినిమా పాట ఎత్తుకున్నాడు, కానీ ఆ దరువుకు ఆయన అలవాటు పడలేదు. రెండో చరణం దగ్గర తప్పిపోయినాడు. మళ్ళీ ఎత్తుకున్నాడు, మళ్ళీ అక్కడే జారినాడు. పక్కన ఊరికే నిలబడతానన్న అన్న ముఖం చూడాల. కాళ్ళు కుదురుగా లేవు, వేళ్ళు గాలిలోనే మీటలు నొక్కుతాండాయి. మూడోసారి తప్పినప్పుడు ఇక ఉండలేకపోయినాడు. "ఇట్ల తే సార్!" అని ట్రంపెట్ లాక్కున్నాడు.

అన్న పాట, తమ్ముని దరువు. ఎన్నో ఏండ్ల తర్వాత ఒకచోట. తమ్ముడు అన్న వైపు తిరగల్యా, డ్రమ్ము మీదే చూపు పెట్టి కొట్టినాడు, కానీ అన్న యాడ ఊపిరి తీసుకుంటాడో తెలిసినవాని కొట్టుడు అది. బెల్జియమప్ప చేతులు ఖాళీ అయినందుకు ఏమీ బాధపడకుండా గుంపులో చేరి గంతులేసినాడు. ముసలోళ్ళు అరుగులు దిగినారు. పై గేరి మిద్దెల మీద కూడా మనుషులు నిలబడినారు. నా పక్కన నాయన కండ్లు తుడుచుకోని, "స్వరం మాత్రం నేను నేర్పిందే," అన్నాడు.

ఊరు మారిపోయిందని నేను చెప్పను. వచ్చిన ఎలక్షన్లలో మళ్ళీ జెండాలు, మళ్ళీ జీపులు, మళ్ళీ పోలీసు పికెట్టు. మేళాలు రెండుగానే ఉండిపోయినాయి. కానీ పెద్ద పెండ్లి వస్తే అన్న ట్రంపెట్ తమ్ముని ఇంటికి పోయేది, దాని వెంట అన్న కూడా పోయేవాడు, ఊరికే పక్కన నిలబడడానికి. మా డ్రైవరు ఊరికి పోయినప్పుడు పగటి పూట కింద గేరి మీదుగా నడిచే ధైర్యం చేసుకున్నాడు. వాళ్ళ అమ్మకు అదే పదివేలు.

మగ్గాలు నడిచినాయి. ఎండలు ముదరకముందే బెల్జియమప్ప ప్రయాణమైనాడు. ఎర్రగుంట్ల స్టేషనులో రైలెక్కించడానికి ముగ్గురం పోయినాం. మా అమ్మ కారం పొడి సీసా కట్టిచ్చింది. రైలు వచ్చే ముందర డ్రైవరు నా వైపు తిరిగి, "ఒక్క మాట అడుగు టీచరమ్మా. నేను వాళ్ళ టీ తాగినాను గదా. ఈయన ఊరికి పోయి ఆ పడమటి హోటల్లో కాఫీ తాగుతాడా?" అన్నాడు.

అడిగినాను. బెల్జియమప్ప ఆలోచించినాడు. నిజంగానే ఆలోచించినాడు.

"మా నాయన ఇంకా బతికే ఉన్నాడు," అన్నాడు. "ఆయన ఉండేంత వరకు కష్టం."

డ్రైవరు ఆయన్ను గట్టిగా కావలించుకున్నాడు. "అర్థమైంది సార్," అన్నాడు, నేను తెలుగు చేయకముందే.

మరుసటి ఏడు నాకు గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది. పెండ్లయింది, పులివెందులలో కాపురం. డ్రైవరు కొన్నాళ్ళకు సొంత ఆటో కొనుక్కోని వేంపల్లెకు, పులివెందులకు మధ్య జనాన్ని తిప్పేవాడు. నన్ను చూస్తే ఎంత బేరం ఉన్నా ఆపి, "అక్కా, బాగుండావా" అని అడిగి పోయేవాడు. టీచరమ్మ పోయి అక్కనైనాను. నాయన పోయినప్పుడు ఆ అన్నదమ్ములిద్దరూ జమ్మలమడుగుకు వచ్చినారు. సమాధి దగ్గర నాయనకు ఇష్టమైన కీర్తన వాయించినారు, ఇద్దరూ ఒకే పక్క నిలబడి.

బడిలో పిల్లలు పాఠం వద్దని గోల చేసిన రోజుల్లో నేను ఆ బెల్జియం ఊరి కథ చెప్పేదాన్ని. ఏరు, నార, నేలమట్టమైన ఊరు, చేతిపంపు దగ్గర కూర్చున్న జేజి, మళ్ళీ కట్టిన గోపురం, రెండు హోటళ్ళు, రెండు బ్యాండ్లు. పులివెందుల పిల్లలకు రెండు పార్టీలంటే విప్పి చెప్పనక్కరలేదు. ఒకసారి ఎలక్షన్లు దగ్గర పడిన రోజుల్లో ఆ కథంతా చెప్పి ముగిస్తే, వెనక బెంచీలో ఒక ఆడపిల్ల లేచింది.

"చివరికి ఏ పార్టీ గెలిచింది మిస్?"

ఒక చలికాలమంతా ఆయన పక్కన కూర్చున్నాను. స్పెయిను రాజు నుంచి రొట్టెలంగడి దాకా అన్నీ అడిగినాం. ఆ ఒక్కటి మాలో ఎవరికీ అడగాలని తోచనే లేదు. తెలియదు కూచోమ్మా అన్నాను. క్లాసంతా నా వైపు అనుమానంగా చూసింది, నేను ఏ పార్టీనో దాచిపెడతాండానని.